చీకటి సింథ్ రికార్డులు: కొత్తవి, మళ్లీ వేసినవి. ఈసారి ఏవి తెప్పిద్దాం?

చీకటితరంగం (విజయనగరం)

అందరికీ నమస్కారం. సిరిమాను సంబరానికి ఊరు నిండేలోపు, సింథసైజర్ యంత్రాలతో చేసే మన చీకటి సంగీతం రికార్డుల ఉమ్మడి ఆర్డరు తేల్చుకుంటే మంచిదని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. విదేశాల నుంచి ఒక్క రికార్డు తెప్పించుకుంటే రవాణా ఖర్చు రికార్డు ధరతో పోటీ పడుతుంది. ఆపైన సుంకం. అందరివీ ఒకే పెట్టెలో వస్తే ఆ భారం పంచుకోవచ్చు. పెట్టె నా చిరునామాకు వస్తుంది, శ్రీకాకుళం వైపు వారివి నేనే రైల్లో తెచ్చి అందిస్తాను.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. ఈసారి డబ్బు పాతవాటి రీఇష్యూల మీద పెడదాం. కొత్త ఆల్బం ఈ నెల కాకపోతే వచ్చే ఏడాదైనా దొరుకుతుంది. చిన్న లేబుల్ మూడు వందలో, ఐదు వందలో ప్రతులు వేసిన రీఇష్యూ ఒకసారి అయిపోయిందంటే దాన్ని వేలంపాట ధరకు కొనుక్కోవాల్సిందే.

నాకు ముందుగా కావలసింది సూసైడ్ అనే బృందం మొదటి ఆల్బం, 1977 నాటిది. న్యూయార్క్‌లో ఇద్దరంటే ఇద్దరు మనుషులు: అలన్ వేగా గొంతు, మార్టిన్ రెవ్ కీబోర్డు, ఒక రిథమ్ పెట్టె. గిటారు లేదు, డ్రమ్ములు వాయించే మనిషి లేడు. అందులో ‘ఫ్రాంకీ టియర్‌డ్రాప్’ పది నిమిషాలు దాటుతుంది. బతుకు గడవని ఒక ఫ్యాక్టరీ కార్మికుడి కథ. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ రోజు మనం చీకటి సింథ్ అని పిలుచుకునేదంతా ఆ గదిలోంచే బయటికి వచ్చిందని నా నమ్మకం. రెండోది కాయిల్ బృందం 1999లో తెచ్చిన ‘మ్యూజిక్ టు ప్లే ఇన్ ది డార్క్’, 2020లో డేస్ రికార్డ్స్ మళ్లీ వేసింది. ఆ బృందంలోని జాన్ బాలన్స్ 2004లో, పీటర్ క్రిస్టఫర్‌సన్ 2010లో పోయారు. వాళ్లు ఉండగా ఈ ఆల్బం మన చేతికి అందే దారే లేదు.

మీ మీ జాబితాలు రాయండి.

రాజాంసౌండ్స్ (రాజాం)

తమ్ముడూ, నేను ఒప్పుకోను. కొత్తవాళ్లు బతకాలంటే కొత్త రికార్డులు కొనాలి. ఫ్రాన్స్ నుంచి పెర్టర్బేటర్, కార్పెంటర్ బ్రూట్ ఎలాంటి బరువైన సంగీతం చేస్తున్నారో నా బాక్సుల మీద వినిపిస్తే నువ్వే మాట మారుస్తావు. పెర్టర్బేటర్ ‘డేంజరస్ డేస్’ 2014లో, ‘ది అన్‌కానీ వ్యాలీ’ 2016లో వచ్చాయి. రెండూ ఫిన్లాండ్ లేబుల్ బ్లడ్ మ్యూజిక్‌వే. వీటికి నలభై ఏళ్ల చరిత్ర లేదని పక్కన పెట్టేస్తామా?

సినిమా దర్శకుడు జాన్ కార్పెంటర్ సంగతి చూడు. సినిమాతో సంబంధం లేని మొదటి ఆల్బం ‘లాస్ట్ థీమ్స్’ ఆయన 2015లో వేశాడు, అప్పటికి అరవై ఏడేళ్లు. 2024లో నాలుగోది వచ్చింది. మనిషి బతికుండగా, పని చేస్తూ ఉండగా కొనడంలో ఉన్న గౌరవం వేరు.

పాతదైనా కొత్తదైనా ఆర్డరు పెట్టే ముందు ఒకటి మాత్రం చూడండి. ఒక్కో వైపు ఎన్ని నిమిషాలు పట్టించారు? మన సంగీతంలో ప్రాణం బేస్. బేస్ ఎక్కువైతే సూది నడిచే గాడి అటూ ఇటూ ఎక్కువగా ఊగుతుంది, ఎక్కువ చోటు తింటుంది. ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు దాటించారంటే ఎక్కడో శబ్దం తగ్గించారనే అర్థం. అదే పాటలను రెండు రికార్డుల మీద పరిచినా, నిమిషానికి 45 తిరుగుళ్ల వేగంలో గాడి కోసినా తేడా గుండెకు తెలుస్తుంది. నేను పెళ్లిళ్లకు, జాతరలకు బాక్సులు కట్టేవాడిని, ఈ విషయంలో నా చెవిని నమ్మవచ్చు.

ఆమదాలవలస (ఆమదాలవలస)

ఇద్దరి మాటలూ చదివాను. పాతదా కొత్తదా అన్నదానికన్నా నాకు ముఖ్యమైన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ శబ్దం ఎక్కడి నుంచి తీశారు? డబ్బు ఎవరికి వెళ్తోంది?

ఎనభైలలో ఈ సంగీతంలో చాలా భాగం రికార్డు రూపంలోకి రానే లేదు. ఇంట్లో పట్టించి, క్యాసెట్ల మీద కాపీలు తీసి, పోస్టులో పంపుకున్నారు. ఓపెన్‌హైమర్ అనాలిసిస్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు 1982లో ‘న్యూ మెక్సికో’ అని ఒక క్యాసెట్ వేశారు, అంతే. న్యూయార్క్‌లో వెరోనికా వాసిచ్కా 2005లో మినిమల్ వేవ్ లేబుల్ మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట వేసింది వాళ్ల పాటలనే. ఆ తర్వాత 2009లో శాన్ ఫ్రాన్సిస్కోలో జోష్ చియన్ డార్క్ ఎంట్రీస్ పెట్టాడు. ఈ లేబుళ్ల అసలు పని ప్రెస్సింగ్ కాదు, మనుషులను వెతికి పట్టుకోవడం. సంగీతం మానేసి వేరే ఉద్యోగాల్లో స్థిరపడిన వాళ్లను కనుక్కోవాలి, అటక మీద టేపులు దింపించాలి, హక్కులకు కాగితం రాసుకోవాలి, డబ్బు పంపాలి. పాట్రిక్ కౌలీ 1982లో, ముప్పై రెండేళ్ల వయసులో ఎయిడ్స్‌తో పోయాడు. డిస్కో సంగీతానికి పేరుపడ్డ ఆ మనిషి అంతకుముందు చేసిపెట్టిన మసక మసక సింథ్ సంగీతాన్ని డార్క్ ఎంట్రీస్ 2013లో ‘స్కూల్ డేజ్’ పేరిట తెచ్చింది. లేకపోతే ఆ సగం మనిషి మనకు తెలిసేవాడే కాదు.

దొంగ ముద్రణలు కూడా ఇదే ధరకు అమ్ముతారు. ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నాకు అలాంటిదే అంటగట్టింది. కవరు మీద హక్కుల వివరం లేదు, శబ్దం సీడీ నుంచి ఎత్తినది. అందుకే ఇప్పుడు ఏ రికార్డు వచ్చినా ముందు ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని, చివరి పాటకూ లేబుల్ కాగితానికీ మధ్య ఉన్న నున్నటి జాగా చూస్తాను. అక్కడ సన్నగా గీసిన అంకెలుంటాయి. చాలాసార్లు పక్కనే కటింగ్ చేసినవాళ్ల పొట్టి సంతకం ఉంటుంది, చేత్తో గీసింది కాబట్టి కాస్త వంకరగా. అది కనబడితే కనీసం ఒక మనిషి కూర్చుని, విని, కోసిన రికార్డు అని నమ్మకం కుదురుతుంది.

రంగురంగుల రికార్డులకు మాత్రం నేను అదనంగా ఒక్క రూపాయి ఇవ్వను. రికార్డు మీదే బొమ్మ అచ్చువేసినవైతే అసలే వద్దు, వాటిలో గరగర ఎక్కువ.

పలాసకుర్రాడు (పలాస)

నమస్తే అండీ, నేను ఇక్కడ కొత్త. మోల్చాత్ దోమా బృందం ఆల్బం ‘ఎతజీ’ ఫోనులో విని పిచ్చెక్కి రికార్డు కొనుక్కున్నాను. మా అన్నయ్య అమెరికాలో వాడిన పాత ప్లేయరు ఇచ్చాడు. అది 110 వోల్టులది, అందుకని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుతున్నాను. రికార్డు మీద పాట ఫోనులో కన్నా నెమ్మదిగా, గొంతు ఇంకా బొంగురుగా వినిపిస్తోంది. వినైల్ శబ్దం వెచ్చగా ఉంటుంది, అదే ఇది అని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? నాకు బాగానే ఉంది కానీ అనుమానంగానూ ఉంది.

బొబ్బిలివీణ (విజయనగరం)

బాబూ, వెచ్చదనానికి శ్రుతి మారదు. నీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ హార్మోనియం ఉందా? ఫోనులో ఆ పాట పెట్టి, అది ఏ మెట్టు మీద నిలుస్తుందో చూడు. తరువాత రికార్డు పెట్టి చూడు. నల్ల మెట్లు కూడా లెక్కపెట్టి, ఎన్ని మెట్లు దిగిందో రాయి.

పలాసకుర్రాడు (పలాస)

మాస్టారూ, రామమందిరంలో భజన హార్మోనియం అడిగి తెచ్చాను. మూడు మెట్లు దిగింది. సరిగ్గా మూడు కూడా కాదు, మూడో మెట్టుకన్నా ఇంకొంచెం కిందికి పలుకుతోంది.

నాగావళి (శ్రీకాకుళం)

మాస్టారు రోగం కనిపెట్టేశారు, మందు నేను చెబుతాను.

అమెరికాలో కరెంటు 110 వోల్టులే కాదు, 60 హెర్ట్జ్. మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. నీ ప్లేయరులో ఉన్నది కరెంటు లయతో పాటు తిరిగే ఏసీ మోటారు అయి ఉండాలి. అరవైకి తిరగాల్సింది యాభైకి తిరుగుతోంది. నిమిషానికి ముప్పై మూడుంపావుకు పైగా తిరగాల్సిన పళ్లెం ఇరవై ఎనిమిది కూడా తిరగడం లేదు, లెక్కవేస్తే 27.8. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల ముప్పై ఆరు సెకన్లు పడుతుంది. శ్రుతిలో అది మూడు మెట్లు, ఇంకాస్త. హార్మోనియం నీకు అక్షరాలా అదే చెప్పింది.

మోటారు మార్చనక్కరలేదు. బెల్టు తిప్పే చిన్న పుల్లీ ఉంటుంది కదా, దాని వ్యాసం అయిదో వంతు పెంచితే చాలు. 10 మిల్లీమీటర్లది ఉంటే 12 చేయాలి. లేతు మీద ఇత్తడితో చేయించవచ్చు, కానీ మధ్య రంధ్రం ఏమాత్రం పక్కకు పోయినా పాట అలలు అలలుగా ఊగుతుంది. పాత పుల్లీ తీసి నాకు పంపు. డీసీ మోటారు ఉన్నవాటికి, క్వార్ట్జ్ నియంత్రణతో నేరుగా తిరిగేవాటికి ఈ బాధ లేదు. ఇక మీదట ఎవరైనా అమెరికా నుంచి ప్లేయరు తెచ్చుకుంటే ముందు వెనకవైపు చీటీ మీద హెర్ట్జ్ చదవండి.

చీకటితరంగం (విజయనగరం)

పలాస తమ్ముడూ, నీ రికార్డు గురించి నాలుగు ముక్కలు. మోల్చాత్ దోమా బెలారస్‌లోని మిన్స్క్ నుంచి వచ్చిన ముగ్గురు. ‘ఎతజీ’ 2018లో బెర్లిన్‌లోని డెత్రితి అనే చిన్న లేబుల్ వేసింది, 2020లో అమెరికా లేబుల్ సేక్రెడ్ బోన్స్ మళ్లీ వేసింది. కవరు మీద కనిపించే ఆ కాంక్రీటు భవనం స్లొవేకియా కొండల్లో ఉన్న ఒక హోటల్. ‘సుద్నో’ పాటలోని మాటలు బోరిస్ రిఝీ అనే రష్యన్ కవివి. 2024లో వాళ్ల ‘బేలయా పలసా’ కూడా వచ్చింది. వేగం సరిచేయించుకున్నాక మళ్లీ విను, డ్రమ్ పెట్టె ఎంత చురుగ్గా కొడుతుందో అప్పుడు తెలుస్తుంది.

బొబ్బిలివీణ (విజయనగరం)

ఆర్డరు విషయంలో నాదొక విన్నపం. మీరందరూ న్యూయార్క్, మిన్స్క్ అంటున్నారు. బొంబాయిని ఎవరూ తలవలేదు.

చరణ్‌జిత్ సింగ్ హిందీ సినిమా వాద్యబృందాల్లో గిటారు వాయించిన మనిషి. 1982లో రోలాండ్ కంపెనీ యంత్రాలు మూడు, అంటే జూపిటర్ 8 సింథసైజర్, టీబీ 303 బేస్ పెట్టె, టీఆర్ 808 డ్రమ్ పెట్టె, ముందు పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలను డిస్కో తాళంలో పట్టించాడు. హెచ్ఎంవీ లేబుల్ మీద వచ్చింది, అమ్ముడుపోలేదు. 2010లో బాంబే కనెక్షన్ అనే డచ్ లేబుల్ మళ్లీ వేసేదాకా లోకం చెవిన పడలేదు. అదే 303 పెట్టెతో షికాగోలో ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’ అనే నాట్య సంగీతపు రికార్డు తెచ్చింది 1987లో. అంటే ఆ ధ్వనిని మన దేశంలో ఒకాయన అయిదేళ్ల ముందే, రాగం కోసం వాడుకున్నాడు. ఆయన 2015లో కాలం చేశాడు. పోయేలోపు విదేశీ వేదికల మీద ఆ రాగాలు వాయించి, యువకుల చప్పట్లు విన్నాడని తెలిసి నాకు చాలా సంతోషమైంది.

వీణ నేర్పిన చేతులతో చెబుతున్నాను. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు ఉంది. గిటారు సాధకులకు పక్కన బేస్ వినిపించడానికని చేసిన పెట్టె అది. ఆయన దానితో భైరవ్ వినిపిస్తుంటే, మన మాయామాళవగౌళలో జారు గమకం వేసినప్పటి కదలిక నాకు స్పష్టంగా వినిపించింది. మాల్కౌన్స్ మనకు హిందోళం, భూపాలీ మనకు మోహనం, యమన్ మనకు కల్యాణి. సరళీ స్వరాలు నేర్చుకున్న ప్రతి పిల్లవాడికీ ఆ రికార్డులో పట్టుకోవడానికి కొస దొరుకుతుంది. లోపం కూడా చెప్పాలి. హిందుస్తానీ తోడిలో గాంధారం మామూలు కోమల స్థానానికన్నా ఇంకా కిందుగా పలకాలి. కీబోర్డు మెట్లలో ఆ స్థానం లేదు, అందుకే ఆ ఒక్క పాట నాకు ఎండిపోయినట్టు ఉంటుంది.

1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు మనది. నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులుగా కూర్చున్న చోట, ద్వారం వారి ఫిడేలు మోగిన చోట, ఈ రికార్డు ఒక్కటీ లేకపోవడం నాకు వెలితిగా ఉంది.

చీకటితరంగం (విజయనగరం)

మాస్టారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. అది గొప్ప రికార్డే, సందేహం లేదు. కానీ మన చర్చ చీకటి సంగీతం గురించి. అది డిస్కో కదా? ఉల్లాసంగా ఉంటుంది.

ఆమదాలవలస (ఆమదాలవలస)

తమ్ముడూ, భైరవ్ మళ్లీ ఒకసారి విను. మొదట తంబూరా లాంటి ఆ హోరు, కింద గుండ్రంగా తిరిగే బేస్, ఎక్కడా ఆగని తాళం. మాట లేదు, పల్లవి లేదు. చీకటి అంటే విషాదం ఒక్కటే కాదు. తెల్లవారుజాము రాగాన్ని యంత్రానికి అప్పగించి దాని దారిన వదిలేసినప్పుడు పుట్టే ఒంటరితనం కూడా చీకటే. సూసైడ్‌లో నిన్ను పట్టుకున్నది ఆ యంత్రం ఆగకపోవడమే కదా.

మాస్టారి మాటకు ఇంకొకటి కలుపుతాను. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ)లో 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ వంటివారు అక్కడ పనిచేశారు. ఆ టేపులు సంస్థ భాండాగారంలో పడి ఉంటే పాల్ పుర్గాస్ అనే కళాకారుడు వెలికి తీసి, 1969 నుంచి 1972 వరకు ఉన్నవాటిని ఏర్చి కూర్చాడు. 2023లో ‘ది ఎన్ఐడీ టేప్స్’ పేరుతో రికార్డుగా వచ్చింది. నేను మొదట అడిగిన రెండు ప్రశ్నలకూ ఇందులో జవాబుంది: టేపు ఎక్కడిదో తెలుసు, ఎవరు చేశారో పేర్లున్నాయి. కొన్నిచోట్ల అది వణుకు పుట్టిస్తుంది. దీన్ని జాబితాలో పెట్టకపోతే నేను ఆర్డరులో చేరను.

రాజాంసౌండ్స్ (రాజాం)

అమ్మా, మీరు అంతగా చెబుతుంటే నేనూ ఒక ప్రతికి డబ్బు కడతాను. కానీ నా పెర్టర్బేటర్ ఉండాల్సిందే.

మాస్టారూ, మిమ్మల్ని ఒక సందేహం అడగాలి. బేస్ రెండు స్పీకర్లలో వేర్వేరుగా వినిపించే పాటలు కంప్యూటర్లో బాగుంటాయి, రికార్డు మీద అదే పాటలో బేస్ మధ్యకు వచ్చేస్తుంది. ఇది కావాలని చేస్తారా?

నాగావళి (శ్రీకాకుళం)

ఇది నా వంతు ప్రశ్న, నేనే చెబుతాను. కావాలనే చేస్తారు. స్టీరియో గాడిలో రెండు పక్కలా ఒకే శబ్దముంటే సూది పక్కలకు ఊగుతుంది. రెండింటి మధ్య తేడా ఉంటే పైకీ కిందికీ కదులుతుంది. బేస్‌లో ఆ తేడా పెద్దదైతే గాడి ఒకచోట మరీ లోతుగా, ఒకచోట దాదాపు మాయమై, సూది ఎగిరిపోతుంది. అందుకే కోసే ముందు అడుగు స్వరాలను రెండు పక్కలా ఒకటి చేస్తారు. దానికి తోడు పట్టించేటప్పుడు బేస్ తగ్గించి, తీక్షణ స్వరాలు పెంచుతారు, 1954 నుంచి అందరూ పాటించే కొలత అది. ఆంప్లిఫయరులోని ఫోనో విభాగం దాన్ని తిరిగి సరిచేస్తుంది. ఫోనో విభాగం లేని ఆంప్లిఫయరుకు నేరుగా తగిలించి శబ్దం పలచగా ఉందని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎందరో.

ఇంకో సంగతి. బయటి అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు యాభై సెంటీమీటర్లు పరుగెత్తుతుంది, లోపలి చివర ఇరవై ఒకటే. అదే శబ్దం సగంకన్నా తక్కువ జాగాలో ఇమడాలి. అందుకే చివరి పాటలో సింథ్ చీలినట్టు వినిపిస్తుంది. మంచి లేబుళ్లు నిదానమైన పాటను చివర పెట్టేది ఇందుకే.

పెట్టె వచ్చాక ఏం చేయాలో కూడా రాస్తాను, మనది సముద్రపు గాలి. గోడకు ఆనించిన బీరువాలో రికార్డులు పెట్టకండి, వానాకాలం అట్టకవర్లకు బూజు పడుతుంది. నిలబెట్టి ఉంచండి, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకండి. పైతొడుగు మెత్తటి పీవీసీది వద్దు, కొన్నేళ్లకు రికార్డు మీద మసక పొర వదులుతుంది, పాలిథీన్‌ది కొనండి. శుభ్రం చేయడానికి స్వేదనజలం, మెత్తటి గుడ్డ. స్పిరిట్ కలిపిన ద్రావణాలు వినైల్‌కు ఫరవాలేదు కానీ తాతలనాటి 78 రికార్డులకు మాత్రం తగలనీయకండి, అవి లక్కవి, కరిగిపోతాయి. కీ ఇచ్చే గ్రామఫోను మీద కొత్త రికార్డు పెట్టి చూడాలని ఎవరికైనా సరదా ఉంటే దయచేసి మానుకోండి. ఆ ఉక్కుముల్లు ఒక్క తిరుగుడులోనే గాడిని చెక్కేస్తుంది.

చీకటితరంగం (విజయనగరం)

సరే, అక్క చెప్పినట్టు భైరవ్ మళ్లీ విన్నాను, రాత్రి రెండుసార్లు. మాస్టారి రికార్డు జాబితాలో చేరింది.

ఇప్పటికి తేలినవి: చరణ్‌జిత్ సింగ్ నాలుగు ప్రతులు, ఎన్ఐడీ టేప్స్ మూడు, కాయిల్ రెండు, సూసైడ్ రెండు, పెర్టర్బేటర్ ఒకటి, ‘బేలయా పలసా’ ఒకటి పలాస తమ్ముడికి. అన్నీ నల్లవే, రంగువి అడగలేదు. అధికారిక లేబుల్ నుంచి గానీ, వాళ్లు పేరు చెప్పిన దుకాణం నుంచి గానీ మాత్రమే తీసుకుంటాను. స్టాకు లేనిది దొంగ ముద్రణ దొరికినా కొనను, ఆ డబ్బు వెనక్కి ఇస్తాను. రెట్టింపు అట్టపెట్టె కట్టమని, రికార్డును కవరులోంచి బయటికి తీసి విడిగా పెట్టమని రాస్తున్నాను, లేకపోతే దారిలో అంచు తగిలి అట్ట చీలుతుంది. రసీదు మీద అసలు ధరే వేయమంటాను.

డబ్బు ఆదివారంలోగా పంపండి.

పలాసకుర్రాడు (పలాస)

నా వంతు పంపాను అన్నా. నాగావళి గారూ, పుల్లీ తీశాను. వ్యాసం కొలిస్తే 9 మిల్లీమీటర్లు ఉంది. అంటే 10.8 చేయించాలా?

నాగావళి (శ్రీకాకుళం)

అవును, 10.8. కానీ బెల్టు మందం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి నేను 11కు చేయించి, హార్మోనియం పెట్టుకుని కొద్దికొద్దిగా అరగదీస్తాను. పుల్లీతో పాటు బెల్టు కూడా పంపు, పాతదైతే సాగి ఉంటుంది. గురువారం లేతు దగ్గరికి వెళ్తున్నాను, ఆలోపు అందేలా చూడు.